బుడగకూ చరిత్ర ఉంది

శింగనమల చెరువులాంటి చోట బురదలో కర్ర గుచ్చితే బుడగలు లేస్తాయి. గోబర్ గ్యాస్ పొయ్యిలో మండేదీ ప్రధానంగా ఆ వాయువే: మీథేన్. 1776లో వోల్టా దీన్ని ఇటలీలో ఒక సరస్సు బురదలోనే కనుగొన్నాడు.

ప్రాణవాయువు అందని అడుగున, కుళ్ళిన ఆకూ అలమూ సూక్ష్మజీవుల వల్ల మీథేన్‌గా మారతాయి. పైపొరలో మరికొన్ని జీవులు దాన్ని తింటాయి. మిగిలింది గాలిలో కలుస్తుంది. తిన్న జీవులు చచ్చినా వాటి కొవ్వు మట్టిలో ఉండిపోతుంది. మీథేన్‌లో కార్బన్-13 బాగా తక్కువ గనక ఆ కొవ్వులోనూ తక్కువే. పొరపొరగా మట్టి తీసి శాస్త్రజ్ఞులు వెతికేది ఈ ఆనవాలునే.

బొగ్గు, చమురు తగలబెట్టి పెంచిన వేడికి సైబీరియాలో గడ్డకట్టిన నేల కరుగుతోంది. అక్కడి కొన్ని సరస్సుల అంచున లేచే బుడగలను కార్బన్-14తో లెక్కగట్టి, వాటిలోని కార్బన్ వయసు 35 వేల నుంచి 43 వేల ఏళ్ళని కేటీ వాల్టర్ బృందం 2006లో ప్రకటించింది. మన వరిమడి బుడగ చాలావరకు ఈ మధ్య పెరిగిన గడ్డిది, వేళ్ళది. వాయువు ఒకటే, చరిత్రలు వేరు.

పేదల పొట్టకూటి మీథేన్‌నూ ధనిక దేశాల విలాసాల పొగనూ ఒకే గాటన కట్టరాదని అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే వాదించారు.

కరువు కథలో ‘ప్రకృతి ప్రకోపం’ అన్న మాట కనిపించినప్పుడల్లా నాకు అభ్యంతరం. ఆ మాట కారకులను కప్పేస్తుంది. రచయిత కూడా పైపొర దగ్గర ఆగరాదు.