పారామట్టా నదిలో ఈత సరే.. చేపలు మాత్రం తినొద్దు

సిడ్నీలో మన తెలుగు వాళ్లు ఎక్కువగా ఉండే పారామట్టా వైపు వెళ్తే, సాయంత్రాలు నది ఒడ్డున గాలాలు వేసే వాళ్లు కనిపిస్తారు. పడిన చేపను ఇంటికి తెచ్చి వండుకోవచ్చా? వద్దు. హార్బర్ బ్రిడ్జికి పడమటి వైపు పట్టిన చేపలు, రొయ్యలు, పీతలు ఏవీ తినొద్దని అక్కడి ప్రభుత్వమే చెబుతోంది.

విషం ఉన్నది అడుగున బురదలో. రోడ్స్ అనే చోట ఒడ్డునే యూనియన్ కార్బైడ్ కలుపు మందులు తయారు చేసేది. అవును, భోపాల్‌లో మనకు తెలిసిన పేరే. ఆ వ్యర్థాల్లోని డయాక్సిన్లు హోమ్‌బుష్ బే బురదలో చేరాయి. బురదలోని పురుగులను చిన్న చేపలు, వాటిని పెద్దవి తింటాయి. అలా విషం చేపల కొవ్వులో పేరుకుపోతుంది. వండినంత మాత్రాన పోదు. 2006లో హార్బర్ అంతటా వ్యాపారం కోసం చేపలు పట్టడం ఆపేశారు. బురద కొంత తవ్వి శుభ్రం చేసినా హెచ్చరిక అలాగే ఉంది.

అసలు ఊరి పేరే పాముచేపల నుంచి వచ్చింది. దరుగ్ ఆదివాసుల్లో ఇక్కడి బర్రమట్టగల్ తెగకు అదే ఆహారం. 1788లో బ్రిటిష్ వాళ్లు వచ్చి పొలాలు వేశారు, తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. పాముచేపలు ఇప్పటికీ గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి వెళ్తాయి, పిల్లలు తిరిగి నదికి చేరతాయి.

ఈతకు మాత్రం తలుపులు తెరుచుకుంటున్నాయి. కాంకార్డ్‌లోని బేవ్యూ పార్క్ దగ్గర 2022లో మళ్లీ అనుమతించారు. అయితే వాన పడ్డాక రోడ్ల మురికి నదిలోకే వస్తుంది, అప్పుడు రెండు మూడు రోజులు పిల్లల్ని దింపొద్దు.