గుఱ్ఱపు పడిశము - దాని జన్యులిపి

హైదరాబాదు నగరమున బాలానగరు పేట చిన్నవియు పెద్దవియు నగు యంత్రశాలలకు ప్రసిద్ధి కెక్కినది. పరికరముల రూపకల్పనలో శిక్షణ నిచ్చు కేంద్రీయ సంస్థ 1968వ సంవత్సరమున అచ్చటనే నెలకొల్పబడినది. అచ్చటి పనివారు ఉక్కుతో అచ్చులు చేసి, వానితో రేకుల నొత్తి వేలకొలది భాగములను తయారు చేయుదురు. అచ్చు అంచున వెండ్రుకవాసి నొక్కు పడినచో, ఆ నొక్కు ఆ పిమ్మట తీసిన ప్రతి రేకుపైనను కనబడును. ఆ అచ్చును చూచి మఱియొక అచ్చు చేసినచో పాత నొక్కు దానిలోనికిని వచ్చును; క్రొత్త నొక్కు వేఱొకటి చేరవచ్చును. నేర్పరియగు పనివాడు రెండు రేకులను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, అవి ఒక్క అచ్చునుండి వచ్చినవో కాదో చెప్పగలడు. వైరస్సుల వంశవృత్తాంతమును శాస్త్రజ్ఞులు తెలిసికొను విధానమును ఇట్టిదే.

మనుష్యులకు వలెనే గుఱ్ఱములకును ఇన్‌ఫ్లుయెంజా వచ్చును. జ్వరము, పొడిదగ్గు, ముక్కునుండి నీరు కారుట, మేత ముట్టకుండుట దాని లక్షణములు. ఒక గుఱ్ఱము దగ్గినచో ఆ తుంపరల వలన శాలలోని తక్కిన గుఱ్ఱములన్నియు కొలది దినములలోనే మంచము పట్టును - గుఱ్ఱమునకు మంచ మెక్కడిదని నవ్వవచ్చును గాని, యజమానునకు అది నవ్వులాట కాదు. ఈ జబ్బుతో చనిపోవునవి తక్కువే. అయినను విశ్రాంతి నీయక పనిచేయించినచో ఊపిరితిత్తులు చెడిపోవును. 1872లో ఉత్తర అమెరికాలో ఈ రోగము వ్యాపించి, బండ్లు లాగు గుఱ్ఱములు మూలబడెను. ఆ నవంబరులో బోస్టను నగరము తగులబడినప్పుడు మంటలార్పు యంత్రములను మనుష్యులే లాగుకొని పోవలసి వచ్చినది.

మన దేశమున ఈ వ్యాధి 1987లో ఉత్తర ప్రాంతములలో చెలరేగి, పిమ్మట అణగిపోయినది. ఇరువది యేండ్లు దాటిన తరువాత, 2008 జూను నెలలో, జమ్మూ ప్రాంతమందలి కట్రాలో మరల తలయెత్తినది. వైష్ణోదేవి కొండకు యాత్రికులను, సామగ్రిని మోయు గుఱ్ఱములును కంచరగాడిదలును అచ్చట వేలకొలది కలవు. అట్టి జంతువు ఒక దినము నిలిచిపోయినచో దానిపై ఆధారపడిన ఇంట పొయ్యి వెలుగుట కష్టము. రోగము కట్రాతో ఆగలేదు. ఉత్తరాది రాష్ట్రములలో వ్యాపించి, దక్షిణమున మైసూరు వఱకును వచ్చినది. హైదరాబాదు మలక్‌పేటలోని పందెపు మైదానమునకు అన్య నగరముల గుఱ్ఱములు వచ్చి పోవుచుండుట తలచినచో, మైసూరు మనకు దూరమని అనుకొనరాదు.

హర్యానాలోని హిస్సారులో గుఱ్ఱములను గూర్చిన జాతీయ పరిశోధన కేంద్రము కలదు. రోగగ్రస్తమైన గుఱ్ఱముల ముక్కులోపల దూదిపుల్లతో తుడిచి, ఆ స్రావమును మంచులో పెట్టి పరిశోధనశాలకు చేర్చుదురు. దానినుండి వైరస్సు యొక్క ఆర్.ఎన్.ఏ. అను జన్యుపదార్థమును వేఱు చేయుదురు. ఇన్‌ఫ్లుయెంజా-ఏ వైరస్సునందు ఇది ఒక్క పోగు గాక ఎనిమిది తునకలుగా నుండును. ఆ యెనిమిదింటను కలిపి సుమారు 13,500 అక్షరములు. లిపి యంతయు నాలుగే అక్షరములతో వ్రాయబడినది. ఆర్.ఎన్.ఏ.ను ముందుగా డి.ఎన్.ఏ.గా మార్చి, దానికి లక్షలకొలది ప్రతులు తీసి, ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క రంగు అంటించి, ఆ రంగుల వరుసను యంత్రముచే చదివింతురు. ఈ వైరస్సు తన ప్రతిని తాను తీసికొనునప్పుడు తప్పులు దిద్దు ఏర్పాటు దానికి లేదు. కావున తరతరమునకును నొక్కులు పడుచునే యుండును. ఆ నొక్కులే శాస్త్రజ్ఞులకు ఆనవాళ్ళు.

కట్రా వైరస్సును చదువగా తెలిసిన దేమి? అది హెచ్3 ఎన్8 అను రకమునకు చెందినది. 1963లో అమెరికాలోని మయామిలో మొదట కనబడినది ఈ రకమే. అయితే 1987లో లూధియానాలో పట్టుబడిన వైరస్సు సంతతి గాక, ఫ్లారిడా శాఖలోని రెండవ ఉపశాఖకు చెంది, చైనా, మంగోలియా దేశములలో ఆ కాలముననే కనబడిన వైరస్సులకు దగ్గఱి చుట్టముగా తేలినది. మైసూరు వైరస్సును ఆ కుదురులోనిదే. అనగా పాత రోగము తిరిగి లేవలేదు, క్రొత్తది వచ్చినది. అయితే లిపి చుట్టఱికమును చెప్పునే గాని, దారిని చెప్పదు. ఏ గుఱ్ఱముతో, ఏ కనుమ గుండా వచ్చినదో ఈ అక్షరములలో లేదు.

ఇంత శ్రమ యెందుకనినచో, టీకాల కొఱకు. వైరస్సు పైనుండు హీమగ్లుటినిన్ అను మాంసకృత్తును గుర్తుపట్టుటయే టీకా శరీరమునకు నేర్పు పాఠము. ఆ రూపు మాఱినచో నేర్చిన పాఠము చాలదు. 2003లో ఇంగ్లండులోని న్యూమార్కెట్టులో టీకాలు వేసిన పందెపు గుఱ్ఱములకే ఈ జబ్బు వచ్చినది. టీకాలోని వైరస్సు పాతబడి యుండెను. అందువలననే 2010 నుండి అంతర్జాతీయ నిపుణులు, ఫ్లారిడా శాఖలోని రెండు ఉపశాఖల వైరస్సులును టీకాలో నుండవలెనని సలహా నిచ్చిరి. హిస్సారు పరిశోధకులు కట్రా వైరస్సుతోనే స్వదేశపు టీకాను రూపొందించిరి.

ఒక జంతువు వైరస్సు ఇంకొక జంతువునకు అంటుటయు లిపి వలననే బయటపడినది. 1989లో ఈశాన్య చైనాలో గుఱ్ఱములకు సోకిన ఒక వైరస్సు జన్యువులు పక్షుల వైరస్సులవని తేలినది. 2004లో ఫ్లారిడాలో పందెపు కుక్కలు దగ్గి చనిపోగా, వానిలో నున్నది గుఱ్ఱపు వైరస్సే యని తెలిసినది. మన హైదరాబాదులోను అట్టి పని జరిగినది. 2021లో నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని ఎనిమిది ఆసియా సింహములకు కరోనా సోకినప్పుడు, కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారు వాని ముక్కు, గొంతుల స్రావములను పరీక్షించి, ఆ కాలమున భయపడుచుండిన ప్రమాదకరమైన రూపములలో ఏదియు ఆ వ్యాధికి కారణము కాదని తేల్చిరి. సింహములు చికిత్సకు లొంగి, మామూలుగా మేయుచు, కోలుకొనసాగినవి.