భర్మారు తుపాకి: చాటుననున్న రెండు గంట్లు

1946–51 నాటి తెలంగాణా సాయుధ పోరాటమును తలచునపుడెల్ల భర్మారు తుపాకి మాట వచ్చును. కట్టంగూరు, నకిరేకల్లు ప్రాంతముల శ్రోతలకు ఆ పేరు కొత్త కాదు. మూతినుండి నల్లమందు, పేలిక, సీసపు గుండు కూరి, వెనుకనున్న బొడిపెపై రాగి టోపీ తొడుగుట దాని పద్ధతి. ఇంతవరకు కంటికి కనబడును. కనబడనిది పక్క రేకు చాటున నున్నది.

అందు సుత్తితో కలసి తిరుగు ఉక్కు బిళ్ళ యొకటి కలదు. దాని అంచున రెండు గంట్లు. సుత్తిని సగము లాగినచో కొక్కెము లోతైన మొదటి గంటున దిగును. మీట నొక్కినను సుత్తి కదలదు. పూర్తిగా లాగినచో కొక్కెము లోతు తక్కువైన రెండవ గంటున నిలుచును. మీట నొక్కగనే అది జారును. బలమైన స్ప్రింగు సుత్తిని టోపీపై కొట్టును. దెబ్బకు రగులు మందును తుపాకులకు వాడు ఈ ఉపాయమునకు 1807లో పేటెంటు పొందినవాడు అలెగ్జాండర్ ఫోర్సైత్ అను స్కాట్లండు మతాచార్యుడు. టోపీలో పుట్టిన నిప్పు బొడిపె బెజ్జము గుండా నల్లమందును చేరును.

మొదటి గంటు అరిగిన తుపాకి పైకి మామూలుగనే యుండును. కాని సగము లాగిన సుత్తి దానంతటదే జారవచ్చును.

గొట్టము లోపలి మందును కూడ కన్ను చూడజాలదు. తడి తగలని నల్లమందు ఎన్నేండ్లకైనను చావదు. అందుచే నిపుణులు మొదట కూరు కడ్డీని గొట్టములో దింపి, ఆ లోతును బయటి పొడవుతో పోల్చిచూతురు. కడ్డీ అడుగంటకున్న లోన మందున్నదని అనుమానింపవలెను. అటకపై పాత తుపాకి కనబడినచో ముట్టక, పోలీసు ఠాణాకు తెలుపుట క్షేమము.