జ్ఞాపకశక్తికి మందు: నమ్మకమునకు ముందు పరీక్ష



డెబ్బది యేండ్లు దాటిన పిదప నాకు పరిచితుల పేర్లు సమయమునకు నోటికి రాకుండుట మొదలయ్యెను. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఒక అంగడివాడు, నలుబది దినములు తినినచో చిన్ననాటి పాఠములు సైతము జ్ఞప్తికి వచ్చునని చెప్పి, యొక లేహ్యమును నాకు అమ్మెను. నేను ఆదోనిలో పత్తి దళారిగా బ్రదికినవాడను. లెక్క లేనిదే దేనిని నమ్మను. కావున ప్రతి యుదయమును మా మనుమరాలిచే ఇరువది మాటలు చదివించుకొని, సాయంకాలమున జ్ఞప్తియందున్నవానిని వ్రాయుచు వచ్చితిని. మొదటి వారమున ఏడు మాటలు. నలుబది దినములకు పండ్రెండు. ఆదోనిలో కనబడిన మిత్రులందఱితోను ఆ లేహ్యమును కొనుడని చెప్పితిని.

"తాతా, లేహ్యం మానేసి ఇంకో నెల రాసి చూడు" అని మనుమరాలు అనెను. అట్లే చేసితిని. పండ్రెండు పదుమూడాయెనే కాని తగ్గలేదు! వ్రాయగా వ్రాయగా నాకు సాధన కుదిరినది. దానిని నేను లేహ్యము ఖాతాలో జమకట్టితిని. కాదు, లేహ్యపు గుణమే నిలిచియున్నదేమో యని మనస్సు వాదించెను. నేనే తిని నేనే పరీక్షించుకొన్నచో ఈ తగవు తీరదు.

మఱి యెట్లు తీరును? ఎమ్మిగనూరు నేతగాడు క్రొత్త రంగును పరీక్షింపవలెనన్నచో ఒకే నూలును రెండు పాళ్లు చేసి, ఒకటి పాత రంగులోను, ఒకటి క్రొత్త రంగులోను ముంచి, రెంటిని ఒకే యెండలో ఆరవేయును. మనుష్యుల విషయమునను అంతే. చీట్లు వేసి జనులను రెండు జట్లుగా విభజింపవలెను. ఒక జట్టునకు మందు. రెండవదానికి రంగును రుచియు అట్లేయుండి మందు లేని పదార్థము. ఎవరికేది చేరినదో తినువారికిని, మార్కులు వేయువారికిని తెలియరాదు. తెలిసినచో నమ్మకమే మార్కులు వేయును. సాధన ఇరుజట్లకును సమానమే గనుక, మిగిలిన భేదము మందుది.

ఇట్టి పరీక్షలు జరిగినవి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు ఒక వసతి పాఠశాలలో బాలబాలికలకు విటమినులు, ఖనిజములు కలిపిన పానీయమును 14 నెలలు ఇచ్చి చూచిరి. ఫలితములు 2006లో ప్రకటింపబడినవి. ఏకాగ్రత కొంత పెరిగినది. జ్ఞాపకశక్తియందు చెప్పదగిన భేదము కనబడలేదు. అమెరికాలో మూడువేలకు పైబడిన వృద్ధులపై జింకో ఆకు సారమును పరీక్షింపగా, అది మతిమఱపు వ్యాధిని ఆపలేదని 2008లో తేలెను. బ్రాహ్మి సంగతి కొంత మేలు. ఆస్ట్రేలియాలో 76 మంది పెద్దలపై మూడు నెలలు జరిగిన పరీక్షలో (2002), నేర్చుకొను వేగము పెరుగలేదు గాని, నేర్చినదానిని మఱచుట తగ్గినది. అయితే మన దేశమున బ్రాహ్మి యను పేరు నీటిబ్రాహ్మికిని, మండూకపర్ణికిని గూడ కలదు. అక్కడ పరీక్షించినది నీటిబ్రాహ్మి సారము. జాతరలో కొన్న డబ్బాలో నేమున్నదో ఎవరు చెప్పగలరు?

నా కథ ఇంకను మిగిలియున్నది. పదుమూడు మాటలు వ్రాయుచున్నను పేర్లు మఱచుట మానలేదు. తుదకు వైద్యుని చూచితిని. రక్తపరీక్షలో బి-12 విటమిను మిక్కిలి తక్కువగా నున్నదని తెలిసెను. మాంసము, గ్రుడ్లు ముట్టనివారికిని, వృద్ధులకును ఈ లోపము కలుగుట యరుదు కాదు. థైరాయిడ్ గ్రంథి మందగించినను మతిమఱపు రావచ్చును. ఈ రెంటికిని చికిత్స కలదు; ఆలస్యమైనకొలది బి-12 లోపము నరములకు హాని చేయును. లోపమున్నవానికి ఆ విటమిను మందే. లోపము లేనివానికి అది బలమిచ్చునా యనునది వేఱు ప్రశ్న. లేహ్యమునకై పెట్టిన రూపాయలకు నేను చింతింపను. దానిని నమ్మి పోగొట్టుకొన్న నెలలకు చింతించుచున్నాను.

కావున పెద్దలారా, మతిమఱపు క్రొత్తగా వచ్చినచో ముందు కారణమును వెదకింపుడు. ఎవడైన తన మందు గొప్పదని చెప్పినచో, "తిననివారితో పోల్చి చూచితివా?" యని యడుగుడు. ఆదోనిలో నా మాట విని లేహ్యము కొన్న మిత్రులారా, ఈ ప్రశ్నను ముందు నన్నే అడుగవలసినది.

సెలవు.