మాయాలోకయాత్రకు మనసొప్పని పెద్దలు

విహారయాత్రకు పోవుదమను మాట ఇంట బయలుదేరగానే పిల్లలు గంతులు వేయుదురు. ఆ సందడి నడుమ ఒక్క కంఠము మాత్రము నెమ్మదిగ, "మీరు పోయి రండు, నాకెందుకు?" అనును. ఒక ఇంట అది మామగారి కంఠము, మరియొక ఇంట అత్తగారిది, వేరొక ఇంట కాలేజీలో చేరిన మేనల్లునిది. తీర్థయాత్రయైనచో ఎవరును కాదనరు. పెండ్లిప్రయాణమైనచో ముందుగ మూట కట్టుకొందురు. కాని వినోదమే పరమార్థముగ కట్టిన చోటికి, ప్రవేశమునకు రుసుము చెల్లించి, దినమంతయు తిరుగుటకు పోవుదమన్నచో వారి మనస్సు వెనుదీయును. సోదరీమణులారా! అట్టివారిని వెంటగొనిపోయి, వారును సంతోషముతో మరలివచ్చునట్లు చేయుట ఎట్లో, మాకు తోచిన నాలుగు మాటలు మీతో ముచ్చటింపదలచితిమి.

ముందుగ ఇట్టి స్థలముల పుట్టుక తెలిసికొనుట మంచిది. అమెరికాదేశమున వాల్ట్ డిస్నీ అను చిత్రనిర్మాత సెలవుదినములలో తన కుమార్తెల నిద్దరిని లాస్ ఏంజిలిస్ నగరమందలి గ్రిఫిత్ పార్కునకు తీసికొనిపోయెడివాడు. పిల్లలు రంగులరాట్నమెక్కి తిరుగుచుండగా ఆయన బల్లపై ఊరక కూర్చుండెడివాడు. పిల్లలకు వినోదము, తండ్రికి కాలయాపన! తల్లిదండ్రులును పిల్లలును కలిసి ఆనందించు చోటొకటి ఏల ఉండరాదను ఆలోచన తనకు అచ్చటనే కలిగినదని ఆయనయే చెప్పియున్నాడు. ఆ ఆలోచనయే నారింజతోటల నేలపై డిస్నీలాండుగ వెలసి, 1955వ సంవత్సరము జూలై 17వ తేదీన తెరువబడినది. పిమ్మట 1971లో ఫ్లోరిడా రాష్ట్రమునను, 1983లో జపానునందును అట్టివి లేచినవి. చూచితిరా! థీమ్ పార్కు అనునది గంతులిడు పిల్లవానికొరకు మాత్రమే పుట్టినది కాదు, బల్లపై విసుగుతో కూర్చున్న పెద్దకొరకు పుట్టినది. "నాకెందుకు?" అను వారికి మనము చెప్పవలసిన మొదటి మాట ఇదియే.

మన తెలుగునాట ఈ కోవకు వచ్చునది రామోజీ ఫిల్మ్ సిటీ. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గమున, అబ్దుల్లాపూర్‌మెట్ ప్రాంతమున 1996లో స్థాపింపబడినది. 1,666 ఎకరముల ఈ చిత్రనగరము ప్రపంచమునందలి చిత్రనిర్మాణశాలలలోకెల్ల పెద్దదని గిన్నిస్ గ్రంథమున ఎక్కినది. 2015లోను, 2017లోను రెండు భాగములుగ వెలువడిన బాహుబలి చిత్రపు రాజధాని ఇచ్చటనే కట్టబడినది. ఉద్యానములు, వీధులు, రైల్వేస్టేషను, విమానాశ్రయము, అన్నియు కలవు. కాని రైలు కదలదు, విమానము లేవదు.

"అదియే నా అభ్యంతరము, అమ్మాయీ! అట్టకు రాయివలె రంగు పూసి, రాయి చూడుమని రూకలు తీసికొందురు" అని మా మామగారు అనిరి. వారు సర్వేయరుపని చేసి విరమించినవారు. గొలుసు పట్టి నేల కొలిచిన చేతికి అబద్ధపు గోడ నచ్చదు. అట్టివారితో "అబద్ధము కాదు, అద్భుతము" అని వాదించుట వ్యర్థము. మేము వారి మాటనే ఒప్పుకొని, "అవును మామగారూ, అంతయు కల్పితమే. ఏది రాయియో, ఏది సున్నమో మీరు కనిపెట్టి పిల్లలకు చెప్పవలెను" అంటిమి. ఇది ఇచ్చకపు మాట కాదు. ఇట్టి కట్టడములందు కొలతల విద్య చాల కలదు. డిస్నీలాండు నందలి కోట ఎత్తు 77 అడుగులే. అయినను క్రిందివైపు ఇటుకలు పెద్దవిగను, పైకి పోవుకొలది చిన్నవిగను చేయుటచే అది చూపరుల కన్నులకు మిక్కిలి ఎత్తుగ తోచును. ఈ సంగతి విన్న దినముననే మామగారు తమ పాత చేతికర్రను వెదకి తీసిరి.

ఆ చిత్రనగరమున వారు గోడగోడను కర్రతో తట్టిరి. కొన్ని ముఖద్వారముల వెనుక గది లేదని, కొన్ని స్తంభములు బోలుగ నున్నవని కనిపెట్టిరి. ఒకే కట్టడము ఒకవైపు ఒక వేషమును, వేరొకవైపు మరియొక వేషమును ధరించుట చూచి, "ఇది మా కచేరీకి తెలిసియున్నచో భవనములకగు ఖర్చు సగము తగ్గియుండెడిది" అని తామే నవ్విరి. చిత్రము తీయుట, శబ్దము కూర్చుట, ముక్కలు అతుకుట చూపు ప్రదర్శనమున పిల్లలకంటె ముందు వరుసలో కూర్చుండిరి. మాయను నమ్మనివానికి మాయ చేయు విధము చూపుడు. వాని సందేహమే వానికి వినోదమగును.

మేము చిన్ననాట ఇంటనే భారతము చదువుకొన్నవారము. ఈ విషయమున మాకు మయసభయే జ్ఞప్తికి వచ్చుచుండును. దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకొని వస్త్రమెత్తుకొనెను. నీటిని నేలయనుకొని జారిపడెను. భ్రమపడినందుకు ఎవరికిని అంత కోపము రాదు. చూచినవారు నవ్వినందుకే అతని గుండె మండినది. మన పెద్దల భయమును ఇంచుమించు ఇట్టిదియే. తెలియని చోట ఎచ్చట నిలువవలెనో తెలియక తడబడుట, ఊయలలో కేక పెట్టుట, అడుగు తప్పుట, అది చూచి మనుమలు నవ్వి ఫోనులో బొమ్మ తీసి పదిమందికి పంపుట! దీనికంటె ఇంట కూర్చుండుట మేలని వారికి తోచుటలో వింత యేమి? కావున బయలుదేరుటకు ముందు పిల్లలను పిలిచి, అడుగకుండ ఎవరి బొమ్మయు తీయరాదనియు, భయపడినవారిని చూచి నవ్వరాదనియు ఆన పెట్టవలెను.

ఇక దేహసంబంధమైన జాగ్రత్తలు. "నాకు ఇష్టము లేదు" అను మాటకు అనేక పర్యాయములు "నా మోకాళ్లు ఓర్వవు" అనియే అర్థము. పెద్దలు దానిని పైకి చెప్పరు. ఎండలు ముదరని నెలలలో పోవుడు. తెల్లవారినతోడనే బయలుదేరి, మధ్యాహ్నము నీడపట్టున రెండు గంటలు విశ్రమించి, చల్లబడిన పిదప మరల తిరుగుడు. ఫిల్మ్ సిటీలో ఒక చోటినుండి మరియొక చోటికి బస్సులు తిప్పును గాన దూరపు నడక కొంత తప్పును. విదేశములందలి బిడ్డలయొద్దకు పోయి ఫ్లోరిడా చూడబోవు తల్లిదండ్రులు అచ్చట చక్రముల కుర్చీలు అద్దెకు దొరకునని ముందుగ తెలిసికొనుట మేలు. కాని "మీకు కుర్చీ తెచ్చితిమి, ఎక్కుడు" అని పదిమందిలో అనరాదు. "సంచులు పెట్టుకొనుటకు ఉండును, అలసినవారు కూర్చుండవచ్చును" అన్నచో గౌరవము దక్కును. మందులు, మంచినీరు, మెత్తని పాదరక్షలు మరువరాదు. మరుగుదొడ్డి యెచ్చటనో చేరగానే కనుగొని వారికి చూపుడు. ఈ ఒక్క చింత తీరినచో అనేకులకు సగము భారము దిగును. గుండెజబ్బు, రక్తపుపోటు, నడుమునొప్పి కలవారిని, గర్భిణులను వేగపు ఊయలలు ఎక్కింపరాదు. అచ్చటి హెచ్చరిక పలకలను చదివి వినిపింపవలెను. ఎవరిని గాని బలవంతము చేసి ఎక్కించుట వినోదము కాదు, హింస.

ధనముమాట. మావంటి ఉపాధ్యాయుల ఇండ్లలో ఇది చిన్నమాట కాదు. ద్వారముకడ నిలిచి "తలకింత" యని లెక్క చెప్పినచో వృద్ధుల నోట ఆ దినమంతయు మెతుకు దిగదు. ప్రతి ఫలహారమునకును వెల అడుగుచుందురు. ఆరు నెలలు నెలకింత యని కూడబెట్టి, టిక్కెట్టు ముందే కొని, "ఇది ఈ యాత్రకొరకే దాచినది, అప్పు లేదు" అని నిజము చెప్పుడు. అప్పు లేదను మాటతో వారికి కలుగు ఊరట ఏ ఉద్యానమును చూచినను కలుగదు.

మరియొక రహస్యము. వారిని మూటవలె వెంట త్రిప్పకుడు. ముందునాటి రాత్రి పటము పరచి, ప్రతియొక్కరును తమకు నచ్చిన ఒక్క వస్తువును కోరుకొనవలెనను నియమము పెట్టుడు. పిల్లలు ఊయలను కోరినచో, తాతగారు కోటను కోరవచ్చును, అమ్మమ్మ పూలతోటను కోరవచ్చును. వారు కోరిన చోట తక్కినవారు తొందరపెట్టక నిలువవలెను. కాలేజీ మేనల్లుడు "ఇది పసిపిల్లల ఆట" అని మూతి ముడిచినచో, చిన్నవానిని వాని చేతికి అప్పగింపుడు. పసివానికి వివరించి చెప్పునపుడు ఎంతటి గంభీరుడును కరగును. అడుగడుగునకు "బాగున్నదా? బాగున్నదా?" అని మాత్రము ప్రశ్నింపకుడు. ఆనందమునకు రశీదు అడిగినచో అది పారిపోవును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట మా అత్తగారి విషయమున మాకు తెలిసినది. ఆమె "నాకెందుకమ్మా" అనుటలో అయిష్టము లేదు, అలవాటు కలదు. మంచిముక్క పిల్లలకు, క్రొత్తచీర ఆడబిడ్డకు, కిటికీప్రక్క చోటు మరియొకరికి ఇచ్చి ఇచ్చి, తనకు కావలెననుటయే ఆమె మరచినది. మూడుసార్లు అడిగిన పిదప గాని ఒప్పుకొనలేదు. ఫిల్మ్ సిటీ రైల్వేస్టేషను ముందర ఆమె ఒక బల్లపై కూర్చుండి, లేవకున్నది. అలసినదేమోయని మేము దగ్గరకు పోతిమి. "బ్రదుకంతయు రైలన్నచో పెట్టెలు లెక్కపెట్టుటయు, పిల్లలను లెక్కపెట్టుటయునే సరిపోయినది. ఈ బండి కదలదు కదా! దిగవలసిన తొందర లేదు. కొంచెముసేపు చూడనీయుము" అనినది. ఊయలలుగాని కోటలుగాని ఆమెకు అక్కరలేకపోయినవి. ఎక్కడికిని పోని ఆ రైలే ఆమెకు దొరికిన మాయ. మేము ప్రక్కన కూర్చుంటిమి. పిల్లలను ఆ పూట వారి తండ్రి లెక్కపెట్టుకొనిరి.

సోదరులారా, సోదరీమణులారా! పెద్దలకు మనమెన్నుకొన్న ఆనందమునే అంటగట్టుట మన పని కాదు. నగుబాటు లేని చోటు, నడువగలిగినంత దారి, కోరుకొనుటకు స్వాతంత్ర్యము, ఈ మూడును సమకూర్చుట మన పని. పిల్లలకు ఇంకను ఎన్నో సెలవులు వచ్చును. మోకాళ్లు నడువగలిగిన సెలవులు పెద్దలకు లెక్కకు తక్కువ. కావున ఈ వేసవికి ముందే, ఇంట "మీరు పోయి రండు" అను కంఠము వినబడినచో, ఒక్కసారి విని ఊరకుండక, రెండవమారు అడుగుడు, మూడవమారు ప్రక్కన కూర్చుండి అడుగుడు.