మౌలాలి గుట్ట చెప్పే కథలు

ఒక కొండ, ఒక కల, ఒక కవయిత్రి... తార్నాక నుంచి కాస్త ముందుకెళ్తే నాలుగున్నర శతాబ్దాల చరిత్ర పలకరిస్తుంది!

మౌలాలి అనగానే చాలామందికి రైల్వే క్వార్టర్లూ, డీజిల్ ఇంజిన్ల షెడ్డూ, హౌసింగ్ బోర్డు కాలనీలే గుర్తొస్తాయి. సికింద్రాబాద్‌ నుంచి కాజీపేట వైపు వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు మాత్రం బోర్లించిన గిన్నెలాంటి ఓ పెద్ద రాతిగుట్ట, దాని నెత్తిన తెల్లటి కట్టడం కనిపిస్తాయి. అదేమిటో తెలుసుకునేలోపే రైలు ముందుకెళ్లిపోతుంది. ఒక్క ఆదివారం కేటాయిస్తే చాలు, ఆ గుట్ట చుట్టూ ఉన్న కథలన్నీ చూసి రావచ్చు.

కలలో కనిపించిన కొండ

అది గోల్కొండను ఇబ్రహీం కుతుబ్‌షా పాలిస్తున్న కాలం. 1578లో ఆయన కొలువులో పనిచేసే యాకూత్ అనే ఉద్యోగి జబ్బుపడ్డాడట. ఓ రాత్రి కలలో ఆకుపచ్చ దుస్తులు ధరించిన మనిషి వచ్చి, 'హజ్రత్ అలీ నిన్ను పిలుస్తున్నారు' అని ఈ గుట్ట మీదికి తీసుకెళ్లాడట. అక్కడ అలీ ఓ బండమీద చెయ్యి ఆనించి కూర్చుని కనిపించారు. తెల్లవారాక యాకూత్ గుట్టెక్కి చూస్తే రాతిమీద నిజంగానే అరచేతి గుర్తు ఉందట! ఆ ముద్ర ఉన్న రాతిని తొలిచి ఓ కమానులో నిలబెట్టారు. సంగతి తెలిసిన సుల్తాను కూడా వచ్చి దర్శించుకుని, అక్కడ కట్టడం నిర్మించాడని చెబుతారు. మౌలా అలీ పేరే జనం నోట మౌలాలి అయింది.

పైకి చేరడానికి దాదాపు 500 మెట్లు ఎక్కాలి. ఏటా రజబ్ నెలలో జరిగే ఉర్సుకు షియాలే కాదు... సున్నీలూ, హిందువులూ వస్తారు. కుతుబ్‌షాహీలు షియాలు, ఆ తర్వాత వచ్చిన ఆసఫ్‌జాహీలు సున్నీలు. అయినా ఈ గుట్ట మీద భక్తి మాత్రం వంశం మారినా మారలేదు. నిజాములు కూడా ఉర్సుకు పరివారంతో తరలివచ్చేవారు. వాళ్లతోపాటు వచ్చే ప్రభువర్గాలు గుట్ట చుట్టూ తోటలూ, విడిది భవనాలూ కట్టుకున్నాయి. వాటి ఆనవాళ్లలో మిగిలిన వాటిలో ఒకటి రోడ్డుమీద నేటికీ నిలబడి ఉన్న మౌలాలి కమాన్.

అసలు ఈ చుట్టుపక్కల మనిషి అడుగుజాడలు అంతకన్నా ఎంతో పాతవి. నిజాం కాలంలో జరిపిన తవ్వకాల్లో ఇక్కడ ఇనుపయుగం నాటి రాతిగూళ్ల సమాధులు బయటపడ్డాయి.

అమ్మ కోసం కట్టిన సమాధి

గుట్ట కిందకు దిగాక తప్పకుండా చూడాల్సింది మహలఖా బాయి చందా సమాధి. ఆమె తల్లి రాజ్ కన్వర్ బాయి గర్భిణిగా ఉండగా మౌలాలి దర్శనానికి వచ్చిందనీ, దారిలో గర్భం నిలవని పరిస్థితి వచ్చిందనీ, దర్గా నుంచి తెచ్చిన దారం, ధూపంతో గండం గడిచిందనీ ఒక కథ. అలా 1768లో పుట్టిన బిడ్డే చందా.

ఆ అమ్మాయి సంగీతం, నాట్యంతోపాటు గుర్రపు స్వారీ, విలువిద్య కూడా నేర్చింది. రెండో నిజాం అలీఖాన్ వెంట యుద్ధయాత్రలకు వెళ్లింది. దర్బారులో స్థానం, జాగీర్లు సంపాదించింది. 'మహలఖా' అంటే చంద్రవదన అని అర్థం. అది నిజాం ఇచ్చిన బిరుదు.

అన్నిటికీ మించి ఆమె కవయిత్రి. ఉర్దూ గజళ్లను దీవాన్‌గా కూర్చుకున్న తొలి మహిళ ఆమేనని చాలాకాలం అనుకున్నారు. తర్వాత పరిశోధకులు లుత్ఫున్నిసా ఇంతియాజ్ దీవాన్ అంతకు కాస్త ముందుదని తేల్చారు. ఆమె కూడా దక్కన్ కవయిత్రే! మహలఖా తన దీవాన్ ప్రతిని 1799లో కెప్టెన్ జాన్ మాల్కమ్‌కు బహూకరించింది. స్కాట్లాండ్‌లో పుట్టి ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరిన అధికారి ఆయన. ఆ రాతప్రతి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

1792లో తల్లి కోసం గుట్ట పాదాల దగ్గర చార్‌బాగ్ పద్ధతిలో తోట వేయించి, సమాధి కట్టించింది మహలఖా. మసీదు, మెట్లబావి కూడా ఆ ఆవరణలోవే. 1824లో కన్నుమూశాక ఆమెనూ తల్లి పక్కనే ఖననం చేశారు. ఆస్తిని దిక్కులేని ఆడవాళ్లకు రాసిచ్చిందని చెబుతారు. అంతటి మనిషి సమాధి ఏళ్ల తరబడి పిచ్చిమొక్కల మధ్య పడి ఉంది. చివరికి 2010లో అమెరికా ప్రభుత్వ నిధులతో పనులు మొదలై, ఏడాదికి ఓ రూపానికి వచ్చింది. 2011 మార్చిలో మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి.

ఆమె నేల మీద విశ్వవిద్యాలయం

మహలఖాకు దక్కిన జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. ఆ నేలలో చాలాభాగం మీదే నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. పక్కనే ఉన్న ఇఫ్లూ ఆవరణలో ఆమె పేరుతో పిలిచే మెట్లబావి కనిపిస్తుంది. తోటలకు కట్టిన తీగ కంచె, దాని దగ్గరి కాపలా నాకా కలిసి 'తార్‌నాకా' అయిందని ఓ కథనం.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1918లో స్థాపించిన ఈ విశ్వవిద్యాలయం ప్రత్యేకత బోధన భాష. ఇంగ్లిషులో తప్ప ఉన్నత చదువు లేదనుకునే రోజుల్లో ఇక్కడ విజ్ఞానశాస్త్రం, వైద్యం కూడా ఉర్దూలో చెప్పారు. ఆ పాఠ్యపుస్తకాల కోసం ముందే అనువాద శాఖను పెట్టారు. ఉర్దూ కవయిత్రి జాగీరులో ఉర్దూ విశ్వవిద్యాలయం వెలవడం కాకతాళీయమే కావచ్చు. కానీ ముచ్చటైన కాకతాళీయం!

ఇక ఆర్ట్స్ కాలేజీ సరేసరి. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ సలహాతో కట్టిన ఈ గ్రానైట్ సౌధాన్ని 1939 డిసెంబరులో ప్రారంభించారు. పైన ఇస్లామిక్ కమానులు, లోపల అజంతా-ఎల్లోరా గుహల్ని తలపించే స్తంభాలు. 1969 ఉద్యమం నుంచి తెలంగాణ ఏర్పాటు దాకా ఈ మెట్లు ఎన్ని సభలు చూశాయో!

ముందు గుట్ట మిగలాలి

కుతుబ్‌షాహీల నాడు ఊరికి దూరంగా అడవిలో ఉన్న గుట్ట ఇది. ఇప్పుడు నాలుగువైపులా కాలనీలు పాదాల దాకా వచ్చేశాయి. నగరంలో ఎన్నో రాతిగుట్టలు కంకరగా మారి రోడ్ల కిందా, గోడల్లోనూ కలిసిపోయాయి. భక్తి ఉంది కాబట్టి మౌలాలి నిలిచింది. భక్తుల రద్దీ లేని మహలఖా సమాధిని మాత్రం అందరూ మర్చిపోయారు. అంటే, ఒక చోటును కాపాడేది రాయీ సున్నమూ కాదు, అక్కడికి నడిచొచ్చే మనుషులు. సెలవురోజున పిల్లల్ని తీసుకెళ్లి ఆ కథ చెప్పడం కూడా ఓ రకంగా మరమ్మతే!

ఎలా వెళ్లాలంటే...

సికింద్రాబాద్ నుంచి మౌలాలికి సిటీ బస్సులున్నాయి. ఘట్‌కేసర్-లింగంపల్లి ఎంఎంటీఎస్ 2024లో ఈ దారిలో మొదలైంది. 2017 నుంచి తార్నాకకు మెట్రో వచ్చింది కాబట్టి అక్కడ దిగి ముందు ఉస్మానియా చూసి, ఆటోలో గుట్టకు వెళ్లినా సరే. ఎండెక్కితే బండ కాలుతుంది. కాబట్టి ఉదయమే మెట్లెక్కడం మంచిది. మంచినీళ్ల సీసా మర్చిపోవద్దు. దర్గాలోకి చెప్పులు విడిచి, తల కప్పుకుని వెళ్లాలి. పైకి చేరాక కాసేపు కూర్చోండి. ఒకవైపు రైలు పట్టాలు, ఇంకోవైపు మేడలు... మధ్యలో ఓ పచ్చటి తోట ముక్కలో తల్లీకూతుళ్లు పక్కపక్కనే నిద్రిస్తుంటారు.