తెర వెనుక సేవల మేల్కొలుపు

రాత్రివేళ విద్యుత్తు పోయి మరల వచ్చినపుడు, ఆసుపత్రిలోని కంప్యూటరు చెంత ఎవరును ఉండరు. తెల్లవారుసరికి రోగుల పట్టికలు తెరచుకొనవలెనన్నచో, తెర వెనుక పనిచేయు సేవలు తమంతట తామే, తగిన వరుసలో ప్రారంభము కావలెను. లినక్సు కంప్యూటరులో ఈ ఏర్పాటు ఎట్టిదో తెలిసికొందము.

లినక్సు కెర్నెలు మొట్టమొదట నడుపు ప్రక్రియకు 1 అను సంఖ్య యుండును. తక్కిన సేవలను లేపు భారము దానిదే. పూర్వపు పద్ధతిలో సేవలకు వరుససంఖ్యలు వేసి, ఒకదాని వెనుక నొకటిగా నడిపెడివారు. 2010లో వెలువడిన సిస్టమ్‌డీ, పరస్పరాపేక్ష లేనివానిని ఏకకాలమున ప్రారంభించును. 2015 నాటి డెబియన్ 8 దీనినే స్వీకరించినది.

ప్రతి సేవకును యూనిట్ ఫైలు అను చిన్న పత్రముండును. అందు 'రిక్వైర్స్' అనగా ఆ సేవ నాకు అవసరమని. 'ఆఫ్టర్' అనగా దాని తరువాతనే నేననియు అర్థము. పొయ్యి వెలుగవలెనని కోరుట వేరు, వెలిగిన పిదపనే గిన్నె నెక్కించుట వేరు. మొదటిది మాత్రమే వ్రాసినచో రెండు సేవలును ఒక్కసారే బయలుదేరును. డేటాబేసు సిద్ధపడకముందే పట్టికల సేవ దానిని తట్టి విఫలము కావచ్చును. రెండవది మాత్రమే వ్రాసినచో డేటాబేసును పిలుచువారే యుండరు. కావున రెండును వ్రాయవలెను.

మరియొక సంగతి. 'స్టార్ట్' అను ఆజ్ఞ సేవను ఇప్పటికి మాత్రమే నడుపును. 'ఎనేబుల్' అనునది రాబోవు మేల్కొలుపులకు ఏర్పాటు చేయును. నేడు చక్కగా నడచు సేవ రేపు లేవకపోవుటకు తరచు ఈ రెండవ ఆజ్ఞను మరచుటయే కారణము. తీరికవేళ యంత్రమును ఆపి, మరల నడిపి పరీక్షింపుడు. విద్యుత్తు పోవువరకు వేచియుండవలదు.